ఆ ‘4కె’ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి

తెలుగు ఫిల్మ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ అధ్యక్షులు, కార్యవర్గ సభ్యులకూ, పాత సినిమాల హక్కులు చేతిలో ఉన్న నిర్మాతలకూ, వాటిని ఇళ్లకు చేరుస్తున్న ఓటీటీ సంస్థల వారికీ చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం నుంచి రాస్తున్న బహిరంగ లేఖ.



2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ మళ్లీ థియేటర్లలో పడింది. సెప్టెంబరు మొదట్లో పవన్‌కల్యాణ్ పుట్టినరోజుకు ‘జల్సా’ వచ్చింది. ఆ ఏడాది ఆఖరు రోజున ‘ఖుషి’. 2023 మే 31న హీరో కృష్ణ జయంతికి ‘మోసగాళ్లకు మోసగాడు’. 2025లో ఏప్రిల్ 4న ‘ఆదిత్య 369’, మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, నవంబరు 14న ‘శివ’. హీరోలు మారారు, బ్యానర్లు మారాయి, ప్రచారంలో మాట మాత్రం ఒకటే: 4కె.

థియేటర్లో ఈలలు మోగుతూ, కాగితం ముక్కలు ఎగురుతూ ఉంటే బొమ్మ ఎలా ఉందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆ రోజు జనం వచ్చేది పండగకు. ఇంటికొచ్చాక లెక్క మారిపోతుంది. అదే 4కె ముద్ర వేసుకున్న పాత సినిమా ఓటీటీలోనో యూట్యూబులోనో కనిపిస్తుంది. చిత్తూరులో వాయిదాల మీద కొన్న 55 అంగుళాల టీవీ, గోడకు ఆరేడు అడుగుల దూరంలో కుర్చీ, లైటు ఆర్పిన గది. అక్కడ బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. లోపం ఉంటే ఆ గదిలోనే బయటపడుతుంది. అందుకే ఈ లేఖ ఇంట్లో చూసే పాత సినిమా గురించి, అందులోనూ బొమ్మ నాణ్యత గురించి.

బంగారుపాళ్యం నుంచి ఎందుకంటారేమో. సినిమా ఈ జిల్లాకూ ఈ సీమకూ పరాయిది కాదు. ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన చిత్తూరు నాగయ్య ఇక్కడి రామవిలాస సభ నాటకాల నుంచే వెళ్లి ‘యోగి వేమన’, ‘త్యాగయ్య’ అయ్యాడు. వాహిని స్టూడియో కట్టిన మూలా నారాయణస్వామిది అనంతపురం. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డి, ‘మాయాబజార్’ తీసిన నిర్మాత బి. నాగిరెడ్డి అన్నదమ్ములు, కడప జిల్లా వాళ్లు. దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. తెలుగు సినిమా స్వర్ణయుగం అని మీరు సభల్లో చెప్పుకొనే దాంట్లో పెద్దభాగం రాయలసీమ వాళ్లు మద్రాసు వెళ్లి చేసిన పని. ఆ పని ఇప్పుడు ఏ స్థితిలో ఇంటికి చేరుతోందో అడిగే హక్కు ఈ సీమ ప్రేక్షకుడికి తప్పకుండా ఉంది.

ముందు లెక్క తేల్చుకుందాం. ఇళ్లలో 4కె అని పిలిచే అల్ట్రా హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీలో ఉండేవి 21 లక్షలకు కాస్త తక్కువ. డీవీడీల కాలంలో మన దేశంలో వాడిన వీడియోలో 720కి 576, అంటే 4 లక్షల చిల్లర. డీవీడీ బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె చేశారనుకోండి. తెర మీది ప్రతి 20 చుక్కల్లో కెమెరా చూసింది ఒక్కటే. మిగిలిన 19 యంత్రం ఊహించి పూసినవి. అయినా దాని మీద 4కె అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు, ఎందుకంటే చుక్కల లెక్క సరిగ్గా సరిపోయింది!

బంగారుపాళ్యం మండీలో తోతాపురి మామిడి కొనే వ్యాపారి లోడు పైవరస చూసి డబ్బులు లెక్కపెట్టడు. చెయ్యి లోపలికి పెట్టి అడుగున ఉన్న కాయ తీస్తాడు, కోసి చూస్తాడు, ఏ తోటదని అడుగుతాడు. పాత సినిమా చూసేవాడికి అలా అడిగే వీలు మీరివ్వడం లేదు. ఈ లేఖ సారమంతా అదే: ఏ తోటదో చెప్పండి.

సినిమా పుట్టేది కెమెరాలో తిరిగిన నెగటివ్ మీద. పద్ధతి ప్రకారమైతే దాని నుంచి ఇంటర్‌పాజిటివ్, దాని నుంచి డూప్ నెగటివ్, దాని నుంచి థియేటర్‌కు వెళ్లే ప్రింటు తీస్తారు. మెట్టు దిగిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. 35 ఎంఎం కెమెరా నెగటివ్‌ను సరిగ్గా స్కాన్ చేస్తే 4కె నింపేంత సరుకు అందులో ఉంటుంది. థియేటర్ ప్రింటుకొచ్చేసరికి హెచ్‌డీ స్థాయి వివరం మిగిలితే అదే గొప్ప. పైగా ప్రింటులో నీడలు నల్లగా గట్టిపడి ఉంటాయి, తెల్లటి భాగాలు మరీ తెల్లబడి ఉంటాయి. ప్రొజెక్టర్ దీపం ముందు నిలబడటానికి చేసిన వస్తువు అది. నల్లపంచె మడతల్లోని నీడ ఒకసారి ప్రింటులో పోయిందంటే ఏ స్కానర్ పెట్టినా తిరిగి రాదు.

మన దగ్గర దీనికి తోడు ఇంకో కష్టం ఉంది. ఖర్చు కలిసొస్తుందని చాలా సినిమాలకు ఆ మధ్య మెట్లు వేయనే లేదు. ప్రింట్లన్నీ అసలు నెగటివ్ నుంచే నేరుగా లాగారు. ప్రింటు తీసిన ప్రతిసారీ నెగటివ్ యంత్రం పళ్ల మధ్య నుంచి మరోసారి నడిచింది. శతదినోత్సవం చేసుకున్న సినిమాకు ప్రింట్లు ఎక్కువ, రెండో విడుదల, మూడో విడుదల ఎక్కువ. కాబట్టి జనం బాగా ప్రేమించిన సినిమాల నెగటివ్‌లే ఎక్కువ అరిగిపోయాయి. మద్రాసు ఉక్కపోత మిగిలిన పని చేసింది. వేడికీ తేమకూ అసిటేట్ ఫిల్మ్ పులిసి వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది, ఇక స్కానర్‌లో సమంగా కూర్చోదు. ఫిల్మ్‌లోని వెండి కోసం కరిగించినవి వేరే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ఇప్పుడు చూద్దామంటే ప్రింటు ముక్క కూడా లేదు.

ఈ పరిస్థితిలో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విషయంలో వైజయంతీ మూవీస్ చేసిన పనిని మెచ్చుకోవాలి. నెగటివ్ దొరకలేదని, వెతగ్గా వెతగ్గా విజయవాడలో దుమ్ముపట్టిన ఒక ప్రింటు దొరికిందని, దాన్నే బాగుచేశామని వాళ్లే చెప్పారు. అలా చెప్పడం వల్ల ఆ సినిమాకు ఏ నష్టమూ జరగలేదు. పైగా చూసేవాడి కన్ను సరైన చోట ఆగింది. హిమాలయాల మంచు తెలుపులో గీతలు తక్కువగా కనిపిస్తే అది ఎంత కష్టపడితే వచ్చిందో అర్థమవుతుంది. శ్రీదేవి నగల మెరుపులో నెగటివ్ నాటి పదును లేకపోతే ఎందుకు లేదో తెలుస్తుంది. ప్రింటు నుంచి వచ్చిన 4కెను ప్రింటు కొలతతోనే తూచాలి. ఆ సంగతి దాస్తే అందులోని మంచి పని కూడా అనుమానంలో పడిపోతుంది.

ఇక బొమ్మను చూసే పద్ధతి. ‘మాయాబజార్’ (1957)నే తీసుకుందాం, ఎందుకంటే ఛాయాగ్రహణంలో తెలుగువాడి గీటురాయి అదే. మార్కస్ బార్ట్‌లీ కెమెరా. పున్నమి రాత్రి పడవ పాట గుర్తుచేసుకోండి. అభిమన్యుడు, శశిరేఖ, వాళ్ల వెనకే ఇంకో జంట, ఇంకో జంట. ఆ పాటలో కథ నడిపేది వెన్నెలే. చందమామ చుట్టూ తెలుపు మెల్లగా బూడిద రంగై, ఆ బూడిద నలుపులో కలుస్తుంది. ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలైందో చూపుకు దొరకకూడదు. మామూలు 8 బిట్ వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే ఉంటాయి. అల్ట్రా హెచ్‌డీ డిస్కుల్లో వాడే 10 బిట్‌లో 1,024. మెట్లు తక్కువైనా, డేటా పిసినారితనంగా ఇచ్చినా, ఆ ఆకాశం మీద చారలు చారలుగా వలయాలు పడతాయి. టీవీ ముందు కూర్చుని మీరే ఒకసారి చూడండి. చంద్రుడి చుట్టూ వలయాలు కనిపించాయంటే బార్ట్‌లీ కష్టం అక్కడికక్కడే పోయినట్టు.

తర్వాత ఘటోత్కచుడి భోజనం. లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్లే సన్నివేశం. అక్కడ రెండు చోట్ల చూపు నిలపాలి. ఒకటి లడ్డూ. దాని మీది బూందీ గింజలు విడివిడిగా కనిపించాలి. నున్నటి బంతిలా కనిపిస్తే శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ చెయ్యి దాటిందని అర్థం. రెండోది రంగారావు మీసం, చెంప. మీసం అంచులో వెంట్రుకలు, చెంప మీద మేకప్ గరుకు, కిరీటంలో పూసలు. ఇవన్నీ నెగటివ్ దాచుకున్న వివరాలు. వీటిని చూపించకపోతే 83 లక్షల చుక్కలకు పనే లేదు.

‘మాయాబజార్’ పేరు వచ్చింది కాబట్టి రంగుల సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దానికి రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి 2010 జనవరి 30న విడుదల చేసింది. నలుపు తెలుపు అంటే ఛానెల్ మార్చే పిల్లల్ని అది ఆ సినిమా దగ్గర కూర్చోబెట్టింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ రంగులద్దడం వేరు, పునరుద్ధరణ వేరు. రంగుల రూపంలో కొన్ని పాటలూ పద్యాలూ లేవు. అన్నిటికంటే ముఖ్యం, బార్ట్‌లీ దీపాలు పెట్టింది నలుపు తెలుపుల కోసం. పట్టు చీర ఎంత మెరవాలో, నీడ ఎంత లోతుగా ఉండాలో ఆయన కొలిచింది బూడిద ఛాయల్లో. దాని మీద పసుపూ ఎరుపూ పూస్తే ఆ కొలత చెదిరిపోతుంది. తెలుగువాళ్లు ఇంట్లో చూసుకోవాల్సిన ‘మాయాబజార్’ అసలు నలుపు తెలుపుల్లో, ఉన్న వాటిలోకెల్లా మంచి ఫిల్మ్ నుంచి 4కెలో స్కాన్ చేసి, ఆ మాట పైకి చెప్పి ఇచ్చిన ‘మాయాబజార్’.

గ్రెయిన్ గురించి మన ప్రేక్షకుల్లో ఒక అపోహ బలంగా ఉంది. దాన్ని పెంచింది మీ ప్రచారమే. ‘క్రిస్టల్ క్లియర్’ అని రాస్తారు, ఫిల్మ్ మీది సన్నటి రేణువులు కదులుతూ కనిపిస్తే జనం బొమ్మ పాడైందనుకుంటారు. ఫిల్మ్ మీద బొమ్మ ఏర్పడిందే ఆ రేణువులతో. వాటిని ఊడ్చేస్తే వాటితో పాటే ముఖం మీది గీతలు, చీర నేత, గోడ గరుకు కూడా పోతాయి. మిగిలేది మైనపు బొమ్మ. హాలీవుడ్ ఈ పాఠం పరువు పోగొట్టుకుని నేర్చుకుంది. 2010లో వచ్చిన ‘ప్రిడేటర్’ బ్లూరేలో ఆర్నాల్డ్ ముఖం మైనంలా మారిందని ప్రపంచమంతా తిట్టింది. 2017లో ‘టెర్మినేటర్ 2’ అల్ట్రా హెచ్‌డీ డిస్కుకూ అదే మాట పడింది. 2024లో జేమ్స్ కామెరాన్ ‘ఏలియన్స్’, ‘ట్రూ లైస్’ డిస్కులు వచ్చాక, కృత్రిమ మేధ ఊహించి గీసిన వెంట్రుకలూ చర్మమూ చూసి అభిమానులు నెలల తరబడి వాదించుకున్నారు. మరోవైపు, 65 ఎంఎం నెగటివ్‌ను 8కెలో స్కాన్ చేసి చేసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962) 4కెను చూసి అందరూ తలవంచారు. ఆ సినిమాలో ఎడారి మీద దూరంగా ఒక చుక్క కదులుతుంది. ఆ చుక్క ఒంటె మీద మనిషి. ఆ చుక్కను కాపాడటమే 4కె పని.

తెలుగులో గ్రెయిన్‌కు మంచి పరీక్ష ‘శివ’. 1989 సినిమా, ఎస్. గోపాలరెడ్డి కెమెరా. స్టెడీక్యామ్‌ను మన వాళ్లు అంత ధీమాగా వాడటం అప్పటికి కొత్త. శివ అన్నకూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని సందుల్లో పారిపోయే ఘట్టం తీసుకోండి. కెమెరా పరుగెడుతుంది, గోడలు పక్క నుంచి దూసుకుపోతాయి. డేటా చాలకపోతే గోడ మీది పెచ్చులు, సున్నం మరకలు ముద్దగా కలిసిపోతాయి. ఆగిన షాటులో అందంగా కనిపించిన బొమ్మ ఆ సందులో తేలిపోతుంది. కాబట్టి ఏ పాత సినిమా అయినా దాని పోస్టరు లాంటి ఆగిన ఫ్రేము చూసి మెచ్చుకోకూడదు, పరుగులో చూడాలి. ఈ విడుదలకు అన్నపూర్ణ స్టూడియోస్ మోనో శబ్దాన్ని డాల్బీ అట్మాస్‌కు మార్చింది. థియేటర్‌కు అది బాగుంది. ఇళ్లకు ఇచ్చేటప్పుడు మాత్రం 1989లో జనం విన్న మోనో ట్రాకు కూడా పక్కన ఉంచాలి. ఇది ఒక్క ‘శివ’కే కాదు, అన్నిటికీ వర్తించే కోరిక.

డేటా లెక్క కూడా చెప్పుకోవాలి. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కులో 100 జీబీ దాకా పడుతుంది, సెకనుకు 128 మెగాబిట్ల దాకా పోతుంది. ఓటీటీ 4కె మామూలుగా సెకనుకు 15, 25 మెగాబిట్ల మధ్య నడుస్తుంది. 16 మెగాబిట్ల చొప్పున వేసుకుంటే మూడు గంటల సినిమా 22 జీబీ లోపు ముగుస్తుంది. కొత్త డిజిటల్ సినిమాకు అది చాలొచ్చు. గ్రెయిన్ ఉన్న పాత సినిమాకు చాలదు, ఎందుకంటే రేణువులు ఏ ఫ్రేముకు ఆ ఫ్రేములో చోటు మారతాయి, కుదించే సాఫ్ట్‌వేర్‌కు అవి పట్టుబడవు. మూడు గంటల సినిమాలో 2,59,200 ఫ్రేములున్నాయి, ప్రతి దాంట్లోనూ అదే పోరు. బంగారుపాళ్యం లాంటి చోట అల్ట్రా హెచ్‌డీ డిస్కు ప్లేయరున్న ఇల్లు వెతికినా దొరకడం అరుదు. మనకు దిక్కు ఫైబర్ కనెక్షనే. కాబట్టి ఓటీటీ వారికి విన్నపం: పాత ఫిల్మ్ సినిమాలకు కొత్త వాటికంటే ఎక్కువ బిట్‌రేటు కేటాయించండి. పాతది కదా అని తక్కువ ఇస్తే లెక్క తలకిందులవుతుంది.

ఆకారం సంగతికొస్తే, ఇది కోపం తెప్పించే విషయం. 1950ల సినిమా తెర చదరానికి దగ్గరగా ఉండేది, 1.37కు 1. ఈనాటి టీవీ 1.78కు 1. పక్కల నల్లపట్టీలు వస్తే ప్రేక్షకుడికి నచ్చదని పైనా కిందా కోసి టీవీ నిండా పరిచిన వాటిని ఇళ్లలో అందరూ చూసే ఉంటారు. అలా చేస్తే బొమ్మలో దాదాపు నాలుగో వంతు పోతుంది. సావిత్రి నుదుటి పైభాగం, నాట్యం చేసేటప్పుడు పాదాలు. తొలి తెలుగు సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ (1974) లాంటి వాటిని అదే టీవీలో నింపాలంటే పక్కల నుంచి నాలుగో వంతు కొయ్యాలి. వి.ఎస్.ఆర్. స్వామి గుంపుల్ని ఆ చివరి నుంచి ఈ చివరికి పేర్చిన పని అంతా తెర బయట పడుతుంది. 83 లక్షల చుక్కల గొప్ప చెప్పుకుంటూ బొమ్మలో పావు భాగాన్ని కోసి పారేయడం ఏ విధంగానూ సమర్థించలేని పని.

రంగు సినిమాల దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. 1980ల తొలినాళ్ల దాకా వాడిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి ఆకుపచ్చ ద్రవ్యం ముందుగా వెలిసిపోతుంది. మిగిలేది ఎరుపు, గులాబీ. ‘మోసగాళ్లకు మోసగాడు’ లాంటి రాజస్థాన్ ఎడారి సినిమాలో ఇసుక ఎర్రగా కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఇసుక చూడకూడదు, ఆకాశం చూడాలి. గుర్రం నీడ చూడాలి. నీడలో ఊదా ఛాయ తేలితే రంగు పూర్తిగా తిరిగి రాలేదన్నమాట. తొలి పూర్తి రంగుల తెలుగు చిత్రం ‘లవకుశ’ (1963) గేవా కలర్. 1970లలో కొన్నాళ్లు ఆర్వో ఫిల్మ్ నడిచింది. ఒక్కో ఫిల్మ్‌కు ఒక్కో స్వభావం. అన్నిటినీ ఈనాటి సినిమాల్లా నారింజ, నీలం కలిపి దిద్దితే అది పునరుద్ధరణ అనిపించుకోదు. హెచ్‌డీఆర్ పేరుతో వెలుతురు పెంచేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. డిజిటల్ థియేటర్ తెరకు ప్రమాణం 48 నిట్ల వెలుగు. టీవీ వెయ్యి నిట్లు కొట్టగలదు కదా అని పూజగదిలో దీపాన్ని వెల్డింగు నిప్పులా మండిస్తే ఎవరి కళ్లకూ మంచిది కాదు.

రంగు సరిగ్గా ఉందని చెప్పగల మనిషి ఎవరు? దాన్ని తీసిన ఛాయాగ్రాహకుడు. ‘ఆదిత్య 369’ (1991)కు ముగ్గురు పనిచేశారు: పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్. వర్తమానం, కృష్ణదేవరాయల కాలం, భవిష్యత్తు. ఒక్కో కాలానికి ఒక్కో వెలుగు. మూడింటినీ ఒకే తీరుగా దిద్దేస్తే కాలయంత్రం ఎక్కి లాభం లేదు. వారిలో స్వామి 2008లో పోయారు. ‘శంకరాభరణం’ ఛాయాగ్రాహకుడు బాలు మహేంద్ర 2014లో పోయారు. బార్ట్‌లీ ఎప్పుడో పోయారు. ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు తొంభై దాటారు. వీరిలో ఉన్నవారిని రంగులు సరిదిద్దే గ్రేడింగ్ గదిలో పక్కన కూర్చోబెట్టుకుని, వారు చెప్పింది రాసి పెట్టుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. ఆలస్యం చేస్తే ఎంత ఖర్చు పెట్టినా కుదరదు.

చేయలేమని మీరనలేరు. ఏలూరు ప్రాంతం నుంచి వెళ్లిన ఎల్.వి. ప్రసాద్ నాటిన ప్రసాద్ సంస్థ ఇవాళ దేశవిదేశాల సినిమాలను బాగుచేస్తోంది. సినిమా స్కానర్లు తయారుచేసే జర్మనీ సంస్థ డీఎఫ్‌టీ కూడా ఆ గ్రూపుదే. కేంద్రం జాతీయ చలనచిత్ర వారసత్వ కార్యక్రమం కింద సుమారు 2,200 సినిమాల పునరుద్ధరణకు 363 కోట్లు ఇస్తున్నట్టు 2022లో ప్రకటించింది. పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ బాగుచేసిన ‘శంకరాభరణం’ 2022లో గోవా చిత్రోత్సవంలో పడింది. అక్కినేని శతజయంతికి ‘దేవదాసు’ 2024లో అక్కడే పడింది. ఆ ఏడాది సెప్టెంబరు 20 నుంచి 22 దాకా ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అక్కినేని సినిమాలు పది దేశంలోని 25 నగరాల్లో చూపించింది. చిత్తూరుకూ బంగారుపాళ్యానికీ అవి రాలేదు, రావని మాకూ తెలుసు. కానీ ఇంట్లో ‘దేవదాసు’ పెట్టుకుంటే వచ్చేది ఆ బాగుచేసిన రూపమా, ఏ పాత టేపో సాగదీసిన రూపమా అన్నది తెలుసుకునే దారి లేదు. ఆ దారి వేయమనే అడుగుతున్నాం.

హిందీ వాళ్లు ఆ దారి వేసుకున్నారు. ‘షోలే’ 2025 జూన్ 27న ఇటలీలోని బొలోన్యాలో పూర్తి నిడివితో 4కెలో పడింది. అసలు కెమెరా నెగటివ్ పనికిరానంతగా పాడైందని, లండన్ గోదాములో దొరికిన ఇంటర్‌పాజిటివ్, ఇతర మూలాల నుంచి పనిచేశామని ముందే ప్రకటించారు. బెంగాలీలో సత్యజిత్ రాయ్ ‘అపు’ చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబులో కాలిపోతే, కాలగా మిగిలిన వాటిని మళ్లీ మెత్తబరచి స్కాన్ చేసి, ఎక్కడ నెగటివ్ వాడారో ఎక్కడ వేరే ఫిల్మ్ వాడారో చెప్పి 2015లో లోకానికిచ్చారు. లోపం ఉందని చెప్పినందుకు ఆ సినిమాల గౌరవం తగ్గలేదు.

కోరేది పెద్ద పనేమీ కాదు. సెన్సారు సర్టిఫికెట్ పడ్డాక పది సెకన్ల కార్డు ఒకటి వేయండి. ఈ సినిమాను కెమెరా నెగటివ్ నుంచి తీశామా, డూప్ నెగటివ్ నుంచా, ప్రింటు నుంచా, వీడియో టేపు నుంచా. స్కాన్ ఎంత, 2కెనా 4కెనా. ఏ ల్యాబు, ఏ ఏడాది. రంగులు ఎవరు సరిచూశారు. ఏ సన్నివేశమైనా పోయిందా. తెలుగులో రాయండి. సినిమా పేర్ల రిజిస్ట్రేషన్ ఛాంబర్ చేతుల్లో ఉంది. అలాంటి సంస్థ ఒక తీర్మానం చేస్తే చాలు, ఈ వివరం ఇవ్వకుండా పాత సినిమా ప్రచారంలో 4కె అన్న మాట వాడటానికి ఎవరూ ధైర్యం చేయరు. సాగదీసిన టేపు అయితే ఆ మాటే రాయండి. ‘అందుబాటులో ఉన్న వీడియో నుంచి పెంచినది’ అని ఉంటే ఎవరికీ ఫిర్యాదు ఉండదు. కొన్ని సినిమాలకు ఆ టేపే మిగిలిందని మాకు తెలుసు, అదైనా మిగిలినందుకు సంతోషపడతాం.

ప్రేక్షకుల వంతు కూడా ఉంది. 55 అంగుళాల టీవీలో 4కెకూ హెచ్‌డీకీ తేడా తెలియాలంటే ఏడడుగుల లోపల కూర్చోవాలి, 43 అంగుళాలదైతే అయిదున్నర అడుగుల లోపల. దుకాణంలో పెట్టి పంపిన ‘వివిడ్’ మోడ్ తీసేయాలి, కదలికను నున్నగా చేసే సెట్టింగు ఆపాలి, షార్ప్‌నెస్ తగ్గించాలి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అది పెట్టుకుంటే చాలు. ఆ తర్వాత కూడా రంగారావు మీసం మైనంలా కనిపిస్తే అప్పుడు తప్పు టీవీది కాదు.

2027 మార్చి 27కు ‘మాయాబజార్’కు 70 ఏళ్లు నిండుతాయి. ఆ కార్డు మొదటిసారి పడే సినిమా అదే కావాలి. హక్కులున్నవారు, ఛాంబర్, పుణే ఆర్కైవ్ ఒకచోట కూర్చుని, దొరికిన ఫిల్మ్‌లన్నీ పోల్చి చూసి, అన్ని పద్యాలతో, అన్ని పాటలతో, అసలు ఆకారంలో, అసలు మోనో శబ్దంతో, నలుపు తెలుపుల్లో ఆ రోజుకు ఇళ్లకు అందించండి. ఈ పని మొదలైందని ఒక ప్రకటన ఇవ్వండి, దయచేసి ఈ ఏడాదే ఇవ్వండి.

ఇట్లు,
బంగారుపాళ్యం నుంచి ఒక ప్రేక్షకుడు